మూడో కాగితంలో రాయని వాక్యం

ముందే ఒప్పుకుంటున్నాను. మూడు కాగితాలు ఒకేలా రాయమంటే రాయలేదు. రెండింట్లో ఉన్న ఒక వాక్యాన్ని మూడోదాంట్లో వదిలేశాను. పొరపాటు కాదు. ఆ వాక్యం దగ్గర కలం ఆపి, ఒకసారి చదువుకుని, దాన్ని దాటి కింది వాక్యానికి పోయాను. నా రాత ముత్యాల్లా ఉంటుందని మెచ్చుకుని ఆ పని నాకిచ్చారు పాపం. మీరు దీన్ని మోసం అంటారేమో. అనే ముందు కథ వినండి.

మాది ప్రొద్దుటూరు. మా నాయన దస్తగిరి రాగి, ఇత్తడి అతుకులు పెట్టే పనివాడు. మా అమ్మ మాబున్ని. నేను హసీనా. కడపలో డిప్లొమా చదివాను. క్లాసులో నలభై ఒక్కమంది మగపిల్లలు, నేను. లోహాల పాఠం వచ్చినప్పుడల్లా మాస్టారు నా వైపు చూడకుండా నల్లబల్లకు చెప్పేవారు. బల్లకు ఎంత వచ్చిందో తెలియదు గానీ నాకు మాత్రం బాగానే వచ్చింది.

నాయన జమ్మలమడుగులో పార్థసారథి గారి వర్క్‌షాపులో పనిచేసేవాడు. రోజూ పొద్దున బస్సు, సాయంత్రం బస్సు. పార్థసారథి గారు ఏ కాలేజీలో చదివారో ఎవరికీ తెలియదు, బోర్డు మీద మాత్రం ఇంజనీరు అని ఉండేది. పని తెచ్చేది ఆయన, చేసేది నాయన.

నాయన అతుకు పెట్టే తీరు చూసి అందరూ నవ్వేవాళ్లు. రాగి రెండు ముక్కలూ గీకి, వెలిగారం పూసి, బొగ్గుల్లో పెట్టి, ఇత్తడి ఊదుగొట్టంతో మంటను సరిగ్గా అతుకు మీదికి ఊదేవాడు. టంకం కరిగి సందులోకి పారుతుంది. ఎవరైనా అక్కడితో ఆపుతారు. నాయన ఆపడు. తిత్తి కొట్టే ఖలందర్‌ను అదే వేడి నిలపమని చెప్పి, కళ్లు మూసుకుని నూటొక్కసారి బిస్మిల్లా అనుకునేవాడు. అది పూర్తయ్యాకే మంటలోంచి తీసేది. అతుకు నానాలట. చివర్లో ఆకురాయితో పక్కన మూడు గాట్లు పెట్టేవాడు. ఆయనకు సంతకం రాదు, అదే సంతకం.

కడపలో చదివేటప్పుడు నాకు అర్థమైంది. వేడిలో లోహాలు గట్టిగానే ఉండి కూడా ఒకదాంట్లోకి ఒకటి నడుస్తాయి. టంకంలోని వెండి రాగిలోకి పోతుంది, రాగి వెండిలోకి వస్తుంది. ఎంతసేపు వేడిలో ఉంచితే అంత లోపలికి. మధ్యలో ఉన్న గీత మసకబారుతుంది. మా పుస్తకం దాన్ని రెండు పేజీల లెక్కతో చెప్పింది. నాయన బిస్మిల్లాలతో చెప్పాడు. ఆయన లెక్కే సులువు.

పంతొమ్మిది వందల యాభైతొమ్మిదిలో పులివెందుల గనుల కంపెనీ ఒకటి పార్థసారథి గారికి ఒక కొలిమి చేయమని చెప్పింది. ఆస్బెస్టాస్ అనే రాతినార, ముగ్గురాయి శాంపిళ్లను గాలి లేకుండా కాల్చి చూడటానికి. చెయ్యి మందాన రాగి గొట్టం. ఒక కొసన రాగి పళ్లెం అతికి మూసేస్తారు, ఆ కొస మంటలో ఉంటుంది. పక్కన వేడి చూసే తీగ దూరడానికి ఒక చిన్న గొట్టం అతుకుతారు. రెండో కొస బయట చల్లగా ఉంటుంది, అక్కడ పంపు పెట్టి గాలి లాగేస్తారు.

సెలవులకు వచ్చిన నేను నాయనకు ఒకటే చెప్పాను, ఈ పనికి ఇత్తడి కలిసిన టంకం వద్దని. ఇత్తడిలో తుత్తునాగం ఉంటుంది, అదే జింకు. గాలి లేని చోట వేడి తగిలితే అది ఆవిరై లేచిపోతుంది, అతుకు బొరుగులా గుల్లబారుతుంది. నాయన ఎదురు చెప్పలేదు. మా అమ్మ పెట్టెలోంచి పాతకాలం వెండి రూపాయలు రెండు తీసి, ఒక్కోదానికి పావు తులానికి కాస్త పైన రాగి కలిపి కరిగించి టంకం చేశాడు. మా అమ్మ ఆ వారమంతా మా ఇద్దరితో మాట్లాడలేదు.

అతుకులు పూర్తిచేసి నాయన పీర్ల పండక్కి మూడు రోజులు సెలవు పెట్టాడు. తిరిగి వచ్చేసరికి కొలిమి పులివెందుల చేరింది.

నాలుగు నెలలకు అది పగిలింది. మంటలో ఉన్న పళ్లెం అతుకు ఊడి లోపలికి పీక్కుపోయింది. గాలి ఒక్కసారిగా దూరి, లోపల గాలి ఎంత తగ్గిందో చూపే గాజు గొట్టంలోని పాదరసాన్ని ఎగదన్నింది. గాజు పగిలి, అక్కడి కెమిస్టు విశ్వేశ్వరయ్య సారు చెంప చీలింది. ఇంకో అంగుళం పైకైతే కన్ను పోయేది.

పార్థసారథి గారు వర్క్‌షాపులో అందరినీ నిలబెట్టి, కొలిమి పగలడానికి కారణం దస్తగిరి దొంగ పని అన్నారు. పళ్లెం దగ్గర తన గాట్లు ఉన్నాయేమో చూడండి అని నాయన అడిగాడు. గొట్టం పులివెందులలోనే పారేశారు, చూడటానికేం లేదన్నారు. తర్వాత నాయన చేతిలోంచి ఊదుగొట్టం లాక్కుని వర్క్‌షాపు గుమ్మం పైన మేకు కొట్టి వేలాడదీశారు. అది మా తాతది.

"చెడ్డపని చేస్తే ఏమయితాదో వచ్చేవాళ్లు పోయేవాళ్లు చూస్తాండాల" అన్నారట. ఈ మాట ఖలందర్ చెప్పాడు. నాయన చెప్పలేదు.

వచ్చినవాళ్లు అదేంటని అడగడం, ఆయన కథ చెప్పడం. మూడేళ్లు సాగింది. జమ్మలమడుగులో పనిలేక పేకాడుకునేవాళ్లకు కూడా మా నాయన పేరు తెలిసింది. ప్రొద్దుటూరులో ఎవరూ ఆయనకు అతుకు పని ఇవ్వలేదు. రాజుపాళెం సంతలో కూర్చుని బిందెలకు, గంగాళాలకు కళాయి పూసుకుంటూ బతికాడు. కళాయికి వాడే నవసాగరం పొగకు కళ్లు ఎర్రగా ఉండేవి. నేను జమ్మలమడుగు పోయి పేచీ పెట్టుకుంటానంటే, "వద్దులే అమ్మీ. గొట్టం ఆడుంటే ఏం, ఈడుంటే ఏం" అన్నాడు. ఆ మాట అంటూ ఖాళీ చేతిని నోటిదాకా తెచ్చి, ఊదబోయి, దించేశాడు. నేను చూశానని ఆయనకు తెలియదు.

నాకు కావలసింది అప్పుడే నిర్ణయించుకున్నాను. ఆ గొట్టాన్ని ఏ చేతులు మేకుకు తగిలించాయో ఆ చేతులే దించాలి. దించి, నడిచివచ్చి, సంతలో అందరి ముందూ మా నాయనకు ఇవ్వాలి. అంతకు తక్కువైతే నాకు వద్దు.

డిప్లొమా కాగానే పులివెందుల కంపెనీ పరీక్షల గదిలో సహాయకురాలిగా చేరాను. వేరేచోట్లా పిలుపు వచ్చింది. పోలేదు. మొదటి వారమే పాతసామాన్ల కొట్టు తాళం అడిగాను. ఆ రాగి గొట్టం అక్కడే ఉంది, దుమ్ము, బల్లుల మధ్య. ఎవరూ పారేయలేదు.

వేడి చూసే తీగ దూరే చిన్న గొట్టం అతుకు చెక్కుచెదరలేదు. పక్కన మూడు గాట్లు. పళ్లెం ఊడిన అంచు మాత్రం నానిన అటుకుల్లా ఉంది, గోటితో గీకితే రాలింది. పక్కన గాట్లు లేవు. గొట్టం లోపల, చల్లగా ఉండే కొసకు దగ్గర్లో, వేలితో తడిమితే బూడిదరంగు వలయం. జింకు. ఒకే గొట్టం, ఒకే మంట, గాలి లేని ఒకే చోటు. ఒక అతుకు నిలిచింది, ఒకటి గుల్లయింది.

అప్పుడే విశ్వేశ్వరయ్య సారుకు చూపించి ఉంటే న్యాయం జరిగేది. కాని న్యాయం నాలుగు గోడల మధ్య జరిగితే నాయన ఊదుగొట్టం ఆ గుమ్మానికే ఉంటుంది. గుడ్డలో చుట్టి రాగి గొట్టాన్ని మళ్లీ అక్కడే పెట్టి తాళం వేశాను. ఏడాది ఎదురుచూశాను.

కంపెనీ కొత్త కొలిమి చేయించాలనుకుంది. ముగ్గురిని అడిగారు, పాత తప్పంతా పనివాడిదేనని నమ్మారు కాబట్టి అందులో పార్థసారథి గారూ ఒకరు. ఈసారి ముందు ఒక్కొక్కరూ నమూనా అతుకు తెచ్చి, అందరి ముందూ పరీక్షకు పెట్టాలని సారు షరతులు రాశారు. టైపు మిషను రిపేరుకు కడప పోయింది. మూడు కాపీలు చేతితో రాయమని నాకిచ్చారు.

షరతుల్లో నాలుగోది, అతుకు వెండి టంకంతో పెట్టాలి. అయిదోది, ఆ టంకంలో జింకు అసలు ఉండకూడదు, గాలి లేని వేడిలో ఆవిరవుతుంది.

అయిదోది రెండు కాగితాల్లో రాశాను. జమ్మలమడుగు కాగితంలో రాయలేదు. మిగతా నంబర్లు సరిచేశాను కూడా. అంత శ్రద్ధ.

పరీక్ష రోజు పదింటికే ఎండ మండుతోంది. పంపు పాతదే, బాగానే పనిచేస్తోంది. సిలికా గొట్టానికి కరెంటుతో వేడెక్కే తీగ చుట్టి, మీద పులివెందుల రాతినార తాడు చుట్టి పరీక్ష కొలిమి నేనే కట్టాను. సిలికా గొట్టం గాజులా ఉంటుంది, చల్లటి కొసన లోపల ఏం జరిగినా బయటికి కనబడుతుంది. మేనేజరు గారు, సారు, ముగ్గురు కాంట్రాక్టర్లు కుర్చీల్లో కూర్చున్నారు. పార్థసారథి గారి వెనకాల నమూనా పెట్టె పట్టుకుని ఖలందర్ నిలబడ్డాడు. నన్ను చూసి గుర్తుపట్టి తల దించుకున్నాడు. పార్థసారథి గారు నన్నెప్పుడూ చూసి ఉండలేదు. నీళ్లు తెమ్మన్నారు. తెచ్చిచ్చాను.

మొదటి రెండు నమూనాలూ నిలిచాయి. మూడోది పార్థసారథి గారిది, మిగతా రెండింటికంటే తెల్లగా మెరుస్తోంది. వెండి కంటే వెండిలా ఉంది. దాన్ని పట్టుకోగానే నా వేళ్లకు తెలిసింది. మీద ఉన్నది కళాయి. శానా పలచగా, ఎక్కడా గడ్డకట్టకుండా పూసిన కళాయి. కింద ఉన్నది ఇత్తడి అయితే తప్ప ఎవరైనా వెండి అతుకు మీద కళాయి ఎందుకు పూస్తారు?

దాన్ని అలాగే పరీక్ష కొలిమిలో పెట్టాను. పంపు గాలి లాగింది. వేడి ఎక్కింది. కళాయి ముందుగా కరిగి రాగిలోకి ఇంకిపోయింది, తెల్లతనం మాయమైంది. ఆరువందల యాభై డిగ్రీల దగ్గర నిలిపాను. కాఫీలు వచ్చాయి. పార్థసారథి గారు రాగి ధరల గురించి మాట్లాడుతున్నారు. ముప్పావు గంటకు గొట్టం చల్లటి కొసన, గాజు లోపలి వైపు, అద్దం మీద ఊపిరి వదిలినట్టు ఒక మసక. తర్వాత అది వలయమైంది. బూడిదరంగు, నడుమ మెరుపు.

"ఏంది పాపా అది? పొగనా?" అని ఆయనే అడిగారు.

"మీ అతుకులోంచి వస్తాండాది సార్" అన్నాను.

రెండు గంటలు నిండాక చల్లార్చి, తీసి, రబ్బరు గొట్టం తగిలించి నీళ్ల బకెట్లో ముంచి గాలి ఊదాను. అతుకు చుట్టూ సన్నటి బుడగలు లేచాయి. పసుపుపచ్చగా ఉండాల్సిన ఇత్తడి మీద రాగి ఎర్రగా, స్పాంజిలా ఉంది.

పార్థసారథి గారు వెనక్కి తిరగకుండానే చెప్పారు, అది ఖలందర్ పెట్టిన అతుకని, తాను వెండి ఇచ్చానని, ఈ పనివాళ్లను నమ్మితే ఇంతేనని. మూడేళ్ల కింద కూడా ఇట్లాగే ఒకడు చేశాడని.

నాకు కావలసింది ఆ మాటే. కొట్టులోకి పోయి, గుడ్డ విప్పి, పాత రాగి గొట్టం తెచ్చి సారు ముందు బల్ల మీద పెట్టాను. లోపలి వలయం చూపించాను. పక్కనే సిలికా గొట్టంలోని వలయం చూపించాను. నిలిచిన అతుకు, దాని మూడు గాట్లు చూపించాను. గుల్లయిన అంచు చూపించాను.

విశ్వేశ్వరయ్య సారు రెండు వలయాలనూ చాలాసేపు చూశారు. చెంప మీది మచ్చ తడుముకున్నారు. ఆయన కోపంగా అరిచే మనిషి కాదు.

"ఆ పళ్లెం ఎవురు అతికినారప్పా?" అని మాత్రం అడిగారు.

పార్థసారథి గారు పైపంచతో మెడ తుడుచుకున్నారు. ఎవరూ ఆయన్ని తొందరపెట్టలేదు. అదే ఆయన్ని లొంగదీసింది.

"లారీలోకి ఎక్కిచ్చేటప్పుడు కిందపడి పళ్లెం సొట్టపోయింది సార్. ఆ దస్తగిరి పీర్ల పండగని పాయ. లారీవాడు నిలబడి అరుస్తాండాడు. దాన్ని తీసేసి వేరేది నేనే పెట్టినా. ఇత్తడితోనే. అది గూడా అతుకే గదా అనుకుంటి."

మేనేజరు గారు ఇకపై జమ్మలమడుగు నుంచి ఏ పనీ వద్దని చెప్పి లేచిపోయారు. పరీక్ష రిపోర్టు రాయమని సారు నాకు చెప్పారు. చుట్టుపక్కల నూనె మిల్లులు, జిన్నింగు మిల్లులు అన్నీ అలాంటి రిపోర్టులు అడిగి తెప్పించుకుంటాయి. పార్థసారథి గారికి అది తెలుసు. వరండాలో నన్ను ఆపారు.

"ఎవురి పాపవు నువ్వు?"

"మీ గుమ్మానికి వేలాడతాండే గొట్టం వాళ్ల పాపను."

ఆయన ముఖం ఎలా మారిందో రాయను. ఆ రుచి నా ఒక్కదానికే ఉంచుకుంటాను. రిపోర్టు మిల్లులకు పోకుండా చూడమని బతిమాలారు. సారును అడిగాను. మేనేజరుకు ఒక కాపీ చాలు, మిల్లులకు పంపాలా వద్దా అనేది నీ ఇష్టం, దెబ్బతిన్నది మీ ఇల్లు అన్నారు. నా దెబ్బ సంగతి వదిలెయ్ అని నవ్వారు కూడా. అప్పుడు పార్థసారథి గారికి నా షరతు చెప్పాను. ఈసారి ఒక్క వాక్యం కూడా వదల్లేదు.

సంతరోజు ముందుగా జమ్మలమడుగు పోయి ఎదురుగా సోడా అంగడి దగ్గర నిలబడ్డాను. ఆయన స్టూలు ఎక్కారు. మేకు తుప్పుపట్టి రాలేదు. పనివాళ్లు సాయానికి వస్తే నా వైపు చూసి వద్దన్నారు. పటకారుతో తిప్పి తిప్పి తీశారు. గోళీసోడా ఒకటి పూర్తిగా తాగాను. అంత చల్లటి సోడా మళ్లీ తాగలేదు.

ఇద్దరం ఒకే బస్సులో పోయాం. ఆయన ముందు సీట్లో, నేను వెనక. రాజుపాళెం సంతలో నాయన చుట్టూ బిందెలు, ఆడవాళ్లు. తిత్తి కొడుతున్నది ఖలందర్. అప్పుడు తెలిసింది, పరీక్ష మర్నాడే పార్థసారథి గారు అతన్ని పనిలోంచి తీసేశారని.

పార్థసారథి గారు తువ్వాలు విప్పి రెండు చేతులా గొట్టం చాపారు. "నీ పనిలో తప్పులేదు దస్తగిరీ. తప్పు నాది" అన్నారు. గొణిగారు. పక్కనున్న ఒకామె ఏంటని అడిగితే మళ్లీ చెప్పాల్సి వచ్చింది, ఈసారి గట్టిగా.

నాయన గొట్టం తీసుకుని ఊదాడు. గాలి పోలేదు. తీగ పెట్టి పొడిస్తే లోపల్నుంచి ఎండిన మట్టి రాలింది. ఏదో పురుగు మూడేళ్లలో గూడు కట్టుకుని, పిల్లల్ని పెట్టి వెళ్లిపోయింది. మళ్లీ ఊదాడు. ఈసారి సన్నగా కూసింది.

అప్పుడు ఖలందర్‌ను లేవమని సైగ చేశాడు. "కూర్చో సామీ. తిత్తి పట్టు" అన్నాడు పార్థసారథి గారితో. అరవలేదు. కొత్త పనివాడికి చెప్పినట్టు చెప్పాడు.

ఆయన పంచె ఎగగట్టి కూర్చున్నారు. మూడు బిందెలు, ఒక గంగాళం అయ్యేదాకా తిత్తి కొట్టారు. పొగ ముఖానికి కొట్టింది. దగ్గారు. నాయన ఆయన వైపు ఒక్కసారీ చూడలేదు. వేడి సరిపోకపోతే "ఇంగా" అనేవాడు. అంతే. నేను నీళ్లు తెచ్చి ఇచ్చాను, ఆరోజు పరీక్షల గదిలో ఇచ్చినట్టే.

ఆయన బస్సెక్కాక నాయనకు మూడో కాగితం సంగతి చెప్పాను. తిడతాడనుకున్నాను. ఊదుగొట్టాన్ని చింతపండుతో తోముతూ విన్నాడు.

"ఆ తెల్ల నమూనాకు కళాయి పూసింది నేనే అమ్మీ. ఖలందర్ తెచ్చినాడు. ఇత్తడి అని చూస్తానే తెల్సె. ఎందుకని అడిగితే పులివెందలకు అన్నాడు. ఇది ఆడ నిలబడదురా అని ఒక్క మాట చెప్పింటే వాడు పోయి చెప్పేవాడు. చెప్పలేదు. ఇంగా పలచగా పూసిచ్చినా."

ఖలందర్ పక్కనే కూర్చుని వింటున్నాడు. "నా జీతం పాయె గదా మామా మీ ఇద్దరి పుణ్యాన" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ అతనికి నలుగురు పిల్లలు. ఆ వారమే సారు కొత్త కొలిమి అతుకులు నాయనకే ఇచ్చారు, తిత్తి ఖలందరే కొట్టాడు. నూటొక్క బిస్మిల్లాలు, మూడు గాట్లు. రెండేళ్లయింది, నిలిచే ఉంది. ఖలందర్ లెక్క దాంతో సరిపోయిందని నేను అనుకోవడం లేదు.

ఇంకోటి కూడా. నాలుగో షరతులోనే వెండి టంకం అని స్పష్టంగా ఉంది. అది చదివి కూడా ఇత్తడి పెట్టి కళాయి పూయించినవాడు, అయిదోది రాసి ఉంటే మానుకునేవాడా? మానడనే అనుకుంటాను. అయినా కచ్చితంగా తెలుసుకునే దారి నేనే మూసేశాను. దానికి చింత ఉంది. ఆయన తిత్తి కొట్టినందుకు మాత్రం లేదు.

రిపోర్టు మిల్లులకు పంపలేదు, మాట నిలబెట్టుకున్నాను. పత్రికలో కథ రాయనని మాత్రం మాటివ్వలేదు.

మీ ఇంట్లో కూడా ఎవరి పనిముట్టో ఎవరి గుమ్మానికో వేలాడి ఉంటుంది. దాన్ని ఎవరు దించారు, ఎలా దించారు? మీరు ఏ వాక్యం రాయకుండా వదిలేశారు? ఈ పత్రిక చిరునామాకు నా పేర రాయండి. చేతిరాత ఎలా ఉన్నా ఫరవాలేదు, చదువుతాను.